బాలకార్మికుల బంధువు లూయిస్ హైను

అన్యాయము రెండు కారణములచేత లోకమున నిలిచియుండును. మొదటిది బలవంతుల బలము. రెండవది చూడవలసినవారు చూడకుండుట. మొదటిదానిని ఎదుర్కొనుటకు వీరులు కావలెను. రెండవదానిని ఎదుర్కొనుటకు, చూచినదానిని చూచినట్లు లోకమునకు చూపగల సత్యవంతులు కావలెను. అట్టి సత్యవంతులలో ఒకడు అమెరికా దేశీయుడగు లూయిస్ హైను. అతడు సేనలను నడపినవాడు కాడు; గొప్ప వక్త కాడు; ఉన్నతపదవులను అధిష్ఠించినవాడును కాడు. ఒక పెట్టె కెమేరా, కొన్ని గాజుపలకలు, జేబులో ఒక చిన్న పుస్తకము, ఇవియే అతని సాధనములు. వీనితోనే అతడు గనులలోను మిల్లులలోను మ్రగ్గుచున్న బాలబాలికల దురవస్థను ఆ దేశప్రజలకు కన్నులకు కట్టినట్లు చూపెను.

హైను 1874వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఆష్‌కాష్ అను పట్టణమున జన్మించెను. 1892లో అతని తండ్రి ఒక ప్రమాదమున మరణించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున హైను బ్రతుకుతెరువు వెదకుకొనవలసినవాడయ్యెను. కుర్చీలు మొదలగు గృహోపకరణములు తయారుచేయు ఒక కర్మాగారమున పనికి కుదిరెను. దినమునకు 13 గంటలు, వారమునకు ఆరు దినములు పని. వారమంతయు పనిచేసినచో నాలుగు డాలర్లు కూలి. పిమ్మట అతడు ఒక బ్యాంకిలో ఊడ్చుపని కూడ చేసెను. కార్మికుని బ్రతుకెట్టిదో అతడు పుస్తకములు చదివి తెలిసికొనలేదు. ఒడలు అలసి తెలిసికొనెను. తరువాతి కాలమున యంత్రముల నడుమ నిలిచిన బాలుని చూచి అతడు చలించినపుడు, ఆ జాలి పైపై జాలి కాకపోవుటకు ఇదియే కారణము.

ఇన్ని ఇక్కట్లలోను అతడు చదువుమీది ఆసక్తిని విడువలేదు. పగలు పనిచేసి సాయంకాలములందు చదువుకొనుచుండెను. ఆ పట్టణమందలి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఫ్రాంక్ మానీ అను ఆచార్యుడు ఉండెను. అతడు ఈ యువకుని పట్టుదలను గుర్తించి, ఉపాధ్యాయవృత్తి నవలంబింపుమని ప్రోత్సహించెను. హైను చికాగో విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివెను. ఇంతలో మానీ న్యూయార్కు నగరమందలి ఎథికల్ కల్చర్ పాఠశాలకు అధిపతి అయ్యెను. అతని పిలుపునందుకొని హైను 1901లో ఆ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, ప్రకృతిశాస్త్రమును భూగోళమును బోధింపసాగెను. పాఠశాల అవసరములకై ఛాయాచిత్రములు తీయుమని మానీ అతనికి కెమేరా నిచ్చెను. అంతవరకు హైను కెమేరాను పట్టి ఎరుగడు. తాను నేర్చుకొనుచునే విద్యార్థులకు నేర్పెను. అతనియొద్ద నేర్చినవారిలో పాల్ స్ట్రాండు అనువాడు తరువాత జగత్ప్రసిద్ధుడగు ఛాయాచిత్రకారుడయ్యెను.

ఆ దినములలో ఐరోపాఖండమునుండి బీదప్రజలు లక్షలకొలదిగా అమెరికాకు వలస వచ్చుచుండిరి. న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున వారు ఓడలు దిగుచుండిరి. మాసిన బట్టలతో, మూటముల్లెలతో, తెలియని భాషతో వచ్చు ఆ జనులను చూచి నగరవాసులు అనేకులు ఏవగించుకొనుచుండిరి. హైను 1904లో ఆ ద్వీపమునకు పోయి వారి చిత్రములు తీయనారంభించెను. అది సులభమైన పని కాదు. ముక్కాలిపీటపై కెమేరాను నిలిపి, జనసమ్మర్దమున ఒక కుటుంబమును సైగలతో ఆపి, మెగ్నీషియము పొడిని వెలిగించి, ఆ మెరుపువెలుగులో ఒక్కమారు తీయవలెను. గది యంతయు పొగ క్రమ్మును. చిత్రము చెడినచో మరల తీయుటకు అవకాశముండదు. అయినను అతడు తీసిన చిత్రములలో దైన్యముతోపాటు మర్యాదయు కనబడుచుండెను. బిడ్డనెత్తుకొన్న తల్లిని చూచువారికి వలస వచ్చిన పరదేశి గోచరింపదు, తల్లియే గోచరించును. మానవుని మానవునిగా చూపుట హైను అక్కడ నేర్చిన మొదటి పాఠము.

ఇంతకంటె ఘోరమైన దృశ్యములు ఆ దేశముననే మరుగున పడియుండెను. 1900వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము పదేండ్లు మొదలు పదునైదేండ్ల వరకు వయస్సుగల బాలబాలికలలో సుమారు 17½ లక్షల మంది కూలిపనులు చేయుచుండిరి. పదేండ్లకు లోపలి వారిని ఆ లెక్కలో చేర్చనేలేదు. యజమానులకు పిల్లలు చౌకగా దొరకుదురు, ఎదురు చెప్పరు, సంఘములుగా కూడరు. తల్లిదండ్రులు పేదలగుటచే వారి కూలిడబ్బులును ఇంటికి అవసరమగుచుండెను. కొన్ని రాష్ట్రములలో పిల్లలను పనిలో పెట్టరాదను చట్టములు లేకపోలేదు. కాని అవి రాష్ట్రమునకొక తీరుగా ఉండెను. బిడ్డకు వయస్సు వచ్చినదని తల్లియో తండ్రియో చెప్పిన మాటయే పలుచోట్ల చాలుచుండెను. పని నేర్చుట బాలునికి మేలే యని యజమానులు వాదించుచుండిరి. దూరపట్టణములలోని ప్రజలు ఆ వాదము నిజమనియే తలచుచుండిరి. వారు ధరించు చొక్కాయి నూలును ఎవరు వడికిరో వారెరుగరు.

ఈ దురాచారమును మాన్పుటకై 1904లో జాతీయ బాలకార్మిక సంఘము స్థాపితమయ్యెను. సంఘమువారు ఉపన్యాసములిచ్చిరి, కరపత్రములు పంచిరి. అంకెలను విని జనులు అయ్యో యని మరచిపోవుచుండిరి. కన్నులతో చూడనిదే హృదయము కరగదని గ్రహించి, ఆ సంఘమువారు 1908లో హైనును తమ ఛాయాచిత్రకారుడుగా నియమించిరి. స్థిరమైన ఉపాధ్యాయపదవిని వదలి, ఊరూర తిరుగు ఈ పనికి పూనుకొనుట సాహసమే. కాని తాను బోధనను విడిచిపెట్టుటలేదనియు, పాఠశాలగదినుండి లోకమునకు దానిని మార్చుకొనుచున్నాననియు హైను భావించెను. అప్పటికతనికి 34 సంవత్సరములు.

యజమానులు అతనిని లోనికి రానిత్తురా? పిల్లలను పనిలో పెట్టుట తప్పని వారికిని తెలియును. కనుక కెమేరా పట్టిన వానిని ద్వారముకడనే ఆపుచుండిరి. హైను అందులకు ఉపాయములు పన్నెను. ఒకచోట అగ్నిప్రమాదములను గూర్చి తనిఖీ చేయవచ్చిన ఉద్యోగినని చెప్పెను. వేరొకచోట బైబిలు గ్రంథములు అమ్మువాడుగా వచ్చెను. మరియొకచోట బొమ్మల పోస్టుకార్డుల వర్తకుడయ్యెను. యంత్రములను చిత్రించుటకు వచ్చితినని చెప్పి, యంత్రముప్రక్క ఒక బాలుని నిలువుమని కోరెను. యంత్రము పరిమాణము తెలియుటకు మనిషి ప్రక్కన ఉండవలెనని మేస్త్రీకి నచ్చజెప్పెను. తన కోటు గుండీలు నేలనుండి ఎంతెంత ఎత్తున నున్నవో ముందుగనే కొలిచి ఉంచుకొనుటచే, ప్రక్కన నిలిచిన బిడ్డ ఎత్తు అతనికి కొలబద్ద లేకయే తెలియుచుండెను. చేతిని జేబులోనే ఉంచుకొని, చూడకుండనే అందలి చిన్న పుస్తకమున ఆ బిడ్డ పేరు, వయస్సు, కూలి వ్రాసికొనుచుండెను. ఏ ఉపాయమును సాగనిచోట వేకువజామున మిల్లు ద్వారముకడ నిలిచి, పనిలోనికి పోవు పిల్లలను చిత్రించుచుండెను. బెదరింపులు అతనికి మామూలయ్యెను. అయినను వెనుదీయలేదు.

1908వ సంవత్సరము చివర అతడు కరొలీనా రాష్ట్రములలోని నూలుమిల్లులను దర్శించెను. ఉత్తర కరొలీనాలోని ఒక మిల్లులో ఒక బాలిక అతని కంటబడెను. ఆమె ఎత్తు 51 అంగుళములు. అనగా నాలుగడుగుల మూడంగుళములు మాత్రమే. ఒక సంవత్సరమునుండి ఆమె ఆ మిల్లులో పనిచేయుచుండెను. కొన్నాళ్లు రాత్రిపూట కూడ చేసెను. దినమునకు కూలి 48 సెంట్లు. నీ వయస్సెంత యని అడుగగా ఆమె కొంత తడవు ఊరకుండి, జ్ఞాపకము లేదనెను. పిదప, పనిచేయదగిన వయస్సు తనకు రాలేదనియు, అయినను చేయుచున్నాననియు రహస్యముగా తెలిపెను. ఆటపాటలతో ప్రొద్దుపుచ్చవలసిన ప్రాయమున ఆ బిడ్డ తన వయస్సును దాచుట నేర్చుకొనెను. మరుసటి నెల జార్జియా రాష్ట్రమునందు హైను మరియొక చిత్రము తీసెను. అందు ఇద్దరు బాలురు ఉన్నారు. తెగిన దారములను అతుకుటకును, ఖాళీ కండెలను మార్చుటకును వారికి యంత్రము అందదు. అందుచే తిరుగుచున్న యంత్రముమీదికే వారు ఎక్కి నిలిచిరి. వారిలో ఒకని పాదములకు చెప్పులైన లేవు.

1911వ సంవత్సరము జనవరిలో హైను పెన్సిల్వేనియా రాష్ట్రమందలి పిట్‌స్టన్ ప్రాంతపు బొగ్గుగనులకు పోయెను. గనినుండి తీసిన బొగ్గు వాలుగా నున్న తొట్లగుండ జారివచ్చును. ఆ తొట్లపై బల్లలమీద బాలురు వరుసలుగా వంగి కూర్చుండి, బొగ్గులో కలిసిన రాతిముక్కలను చేతులతో ఏరివేయుచుండిరి. బొగ్గుధూళి దట్టముగా క్రమ్ముటచే ఒక్కొక్కప్పుడు ఎదుటి మనిషియు కనబడకుండెను. ఆ ధూళియే వారి ఊపిరితిత్తులలోనికిని పోవుచుండెను. పరాకుగా నున్న బాలునికి వెనుక నిలిచిన మేస్త్రీ చేతికఱ్ఱ హెచ్చరిక. హైను ఆ ప్రాంతమున నున్న కాలముననే ఇద్దరు బాలురు జారుచున్న బొగ్గుతోపాటు క్రిందికి పడిపోయిరి. ఒకడు కాలిన గాయములపాలయ్యెను. రెండవవాడు ఊపిరాడక మరణించెను. హైను తీసిన చిత్రమున ఆ బాలురందరు నల్లని ముఖములతో మనవైపు చూచుచుందురు. వారి కన్నులు మాత్రమే తెల్లగా కనబడును.

ఆ సంవత్సరమే అతడు దక్షిణ సముద్రతీరమునకు పోయెను. అచ్చట ఆలుచిప్పల మాంసమును డబ్బాలలో నింపు కర్మాగారములు ఉండెను. తెల్లవారుజామున మూడు గంటలకే తల్లులు పిల్లలను లేపి పనికి తీసికొనిపోవుచుండిరి. నాలుగైదేండ్ల పసివారు సైతము తమకంటె ఎత్తైన బల్లలకడ నిలిచి, పదునైన చిప్పలను కత్తులతో విప్పుచుండిరి. గాజు కర్మాగారములలో కొలిమి వేడిమికి మాడుచు రాత్రియంతయు పనిచేయు బాలురను, నడివీథులలో అర్ధరాత్రివరకు వార్తాపత్రికలు అమ్ము బాలురను, టెక్సాసు రాష్ట్రమున మండుటెండలో ప్రత్తి యేరు పసివారిని కూడ అతడు చిత్రించెను.

హైను స్వభావమున గమనింపదగిన విశేషమొకటి కలదు. లోనికి ప్రవేశించుటకు అతడు మారువేషములు వేసెను, కల్లలు చెప్పెను. ఇది తగునా యని సందేహము కలుగవచ్చును. కాని చిత్రము విషయమున మాత్రము అతడు అణుమాత్రము అసత్యమును సహింపలేదు. ఉన్న దైన్యమును హెచ్చించి చూపుటకు చిత్రమును దిద్దలేదు. ప్రతి చిత్రమునకు ఊరు, తేదీ, పని, కూలి వ్రాసి ఉంచెను. బిడ్డ చెప్పిన వయస్సు నమ్మదగినది కాదని తోచినచో, ఇంటికి పోయి కుటుంబపు బైబిలు గ్రంథమున వ్రాసియున్న పుట్టినతేదీని పరిశీలించెను. ఇంత శ్రద్ధ ఏలయనగా, ఒక్క చిత్రమునందలి వివరము అబద్ధమని తేలినచో, యజమానులు తక్కిన వేల చిత్రములను అబద్ధములేయని చాటుదురు. అప్పుడు నష్టపోవునది చిత్రకారుడు కాదు, ఆ పిల్లలు. ఛాయాచిత్రము అబద్ధమాడకపోవచ్చును గాని, అబద్ధమాడువారును ఛాయాచిత్రములు తీయగలరని అతడు హెచ్చరించుచుండెను. సాక్షి చెప్పిన మాట నిలువవలెనన్నచో సాక్షి నడవడి నిష్కళంకముగా ఉండవలెను.

ఈ చిత్రములను జాతీయ బాలకార్మిక సంఘమువారు పత్రికలలో ప్రకటించిరి, గోడపత్రములుగా అచ్చువేసిరి, సభలలో దీపపు వెలుగుతో తెరమీద చూపిరి. వాదములకు లొంగనివారు ఆ ముఖములకు లొంగిరి. 1912లో ప్రభుత్వము బాలల క్షేమమునకై ప్రత్యేకముగ ఒక కార్యాలయమును నెలకొల్పెను. 1916లో బాలల శ్రమతో తయారైన సరకులను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పంపుటను నిషేధించుచు కీటింగు–ఓవెను చట్టము వెలువడెను. కాని 1918లో అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టము చెల్లదని తీర్పు చెప్పెను. పిమ్మట అట్టి సరకులు చేయువారిపై పన్ను విధించుచు మరియొక చట్టము చేసిరి. 1922లో అదియు కొట్టివేయబడెను. 1924లో రాజ్యాంగమునే సవరింపదలచిరి. తగినన్ని రాష్ట్రములు అంగీకరింపలేదు. చూపిన సత్యమును లోకము చూచుటకు కొంతకాలము పట్టును. చూచినదానిని దిద్దుటకు మరికొంతకాలము పట్టును.

హైను ఇతర కార్యములను కూడ చేసెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున 1918లో రెడ్‌క్రాసు సంఘము పక్షమున ఐరోపాకు పోయి, యుద్ధమువలన నిరాశ్రయులైన వారిని చిత్రించెను. స్వదేశమునకు వచ్చిన పిదప అతని దృష్టి శ్రమయొక్క దుఃఖమునుండి శ్రమయొక్క గౌరవమువైపు మరలెను. 1930–31 సంవత్సరములలో న్యూయార్కున 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనమును నిర్మించినపుడు, ఆ పనివారిని చిత్రించుటకు హైనును నియోగించిరి. ఏబదియారేండ్ల వయస్సున అతడు ఉక్కుదూలములపై నడచెను. వీథికి వేయి అడుగుల ఎత్తున బుట్టలో కూర్చుండి, ఆకాశమున వ్రేలాడుచు చిత్రములు తీసెను. గొప్ప కట్టడములను యంత్రములు కట్టవనియు, మనుష్యులే కట్టుదురనియు తెలుపుట అతని ఉద్దేశము. ఈ చిత్రములతో అతడు 1932లో బాలురకై ఒక పుస్తకమును ప్రచురించెను.

అతని చివరిదినములు మాత్రము కష్టములతో గడచెను. కాలము మారెను, కొత్తవారు వచ్చిరి. ప్రభుత్వము గ్రామీణుల పేదరికమును చిత్రింపించుటకై ఛాయాచిత్రకారులను నియమించినపుడు హైను పలుమారులు ఉద్యోగము కోరెను, లభింపలేదు. ఈ స్థితిలో బెరెనీస్ అబ్బట్ అను ఛాయాచిత్రకారిణియు, ఎలిజబెత్ మెక్‌కాస్లండ్ అను కళావిమర్శకురాలును అతని పూర్వపు కృషిని వెలికి తీసి, 1939లో న్యూయార్కున ప్రదర్శన జరిపించిరి. ప్రశంసలు వచ్చెను గాని ధనము రాలేదు. ఆ సంవత్సరమే క్రిస్మసు దినమున అతని భార్య సారా మరణించెను. ఆమె ఎన్నో ప్రయాణములలో అతనికి తోడై నిలిచిన ఇల్లాలు. అప్పు తీర్చలేక అతడు ఇల్లును పోగొట్టుకొనెను. 1940వ సంవత్సరము నవంబరు 3వ తేదీన, శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, 66వ ఏట హైను కన్నుమూసెను.

ఇంతకుముందే, 1938లో, రూజ్‌వెల్టు అధ్యక్షుడుగా నున్న కాలమున, న్యాయమైన శ్రమప్రమాణముల చట్టము వచ్చెను. కర్మాగారములలో పదునారేండ్లకు లోబడినవారిని, ప్రమాదకరమైన పనులలో పదునెనిమిదేండ్లకు లోబడినవారిని నియమించుటను అది నిషేధించెను. వెనుకటి చట్టములవలె ఇదియు న్యాయస్థానమున పరీక్షకు గురియయ్యెను. 1941వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన న్యాయస్థానము ఈ చట్టము చెల్లునని తీర్పు చెప్పి, 1918నాటి తన తీర్పును త్రోసిపుచ్చెను. అప్పటికి హైను మరణించి సరిగా మూడు నెలలు. తాను కోరిన విజయమును అతడు పూర్తిగా చూడలేదు.

అతడు జాతీయ బాలకార్మిక సంఘమునకై తీసిన ఐదువేలకు పైబడిన చిత్రములు 1954లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు చేరెను. అతని స్వంత సంగ్రహము రాచెస్టరు నగరమందలి జార్జి ఈస్ట్‌మన్ భవనమున భద్రపరుపబడెను. 1910లో వెర్మాంటు రాష్ట్రమున అతడు చిత్రించిన ఒక బక్కచిక్కిన బాలికాకార్మికురాలి రూపముతో 1998లో అమెరికా ప్రభుత్వము తపాలాబిళ్లను వెలువరించెను. ఒకనాడు ఎవరును చూడనొల్లని ఆ ముఖము దేశమంతట ఉత్తరములపై ప్రయాణము చేసెను.

బాలల శ్రమ నేటికిని లోకమున పూర్తిగా అంతరింపలేదు. వ్యవసాయపు పనులలోను, చీకటి గదులలోను చదువుకు దూరమైన పిల్లలు ఇంకను ఉన్నారు. వారిని చూచి చూడనట్లు పోవుట సులభము. హైను అట్లు పోలేదు. కర్మాగారమున అడుగుపెట్టిన ప్రతిసారియు అతడు ఆగెను, బిడ్డ పేరడిగెను, చెప్పినదానిని సరిగా వ్రాసికొనెను. సేవకు గొప్ప అధికారమో, అపారమైన ధనమో కావలెనని తలచువారికి అతని జీవితము సమాధానము చెప్పును. నిశితమైన చూపు, నిజము తప్పని మాట, విసుగెరుగని ఓర్పు, ఈ మూడును కలవాడు నిరాయుధుడైనను నిస్సహాయుడు కాడు.